తాళము ఎవరి చేతిలో ఉన్నది?

కళాశాల వార్షిక సంచికలో సాధారణముగా విజయములను గూర్చి వ్రాయుదురు. మేము వ్రాయబోవునది విజయమును గూర్చి కాదు. మేము చేసిన ఒక తప్పును గూర్చి, దానిని తొందరపడి మరియొకరి మీద మోపిన మా తెలివితక్కువతనమును గూర్చి, తరువాత అసలు కారణమును కనుగొన్న విధమును గూర్చి. సంపాదకవర్గము వారు అడిగినప్పుడు మొదట సంకోచించినాము. కాని ఈ సంగతి కళాశాల కమిటీ వారిలో కొందరికి సగమే తెలియును. తెలిసిన ఆ సగము ఒక పెద్దమనిషికి అన్యాయము చేయునట్టిది. కనుక మిగిలిన సగము వ్రాయుట మా విధి అని తలచినాము.

మేమనగా 2023 వ సంవత్సరములో ఈ కళాశాలలో కంప్యూటర్ సైన్సు అంతిమ సంవత్సరము చదివిన ముగ్గురము. అంతకు ముందు పరీక్ష ఫీజు వసూలు అంతయు చేతివ్రాత రిజిస్టరు మీద నడిచెడిది. ఆ వేసవిలో ప్రాజెక్టు పనిగా మేము ఫీజు వసూలునకు ఒక ప్రోగ్రాము వ్రాసినాము. కార్యాలయములో రెండు కిటికీలు. ఇవి గాక విద్యార్థులు తమ ఫోనుల నుండి చెల్లించుటకు ఒక పేజీ. ఫీజు చెల్లించినవారికి రసీదు సంఖ్యతో ఒక ఎస్.ఎం.ఎస్. సందేశము పోవును. వెనుక లెక్కలు దాచునది పోస్ట్‌గ్రెస్ అను డేటాబేస్. ప్రోగ్రాము వ్రాసినది పీ.హెచ్.పీ. భాషలో. రెండును ఒకే యంత్రములో, గ్రంథాలయము ప్రక్కనున్న చిన్న గదిలో ఉండెడివి.

ఇక్కడ తాళమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసి యున్నది. రసీదు సంఖ్యలు వరుసగా ఉండవలెను, మధ్యలో ఒక్కటి కూడ తప్పిపోరాదు అని ఆడిటరు గారి నియమము. డేటాబేస్‌లో వరుస సంఖ్యలిచ్చు సీక్వెన్స్ అను సదుపాయము ఉన్నది గాని, ఒక నమోదు మధ్యలో రద్దయినచో ఆ సంఖ్య తిరిగి రాదు. వరుసలో ఖాళీ మిగులును. అందుచేత మేము ఒక పట్టికలో ఒకే ఒక వరుసను పెట్టి, అందులో చివరి రసీదు సంఖ్యను ఉంచినాము. ప్రతి చెల్లింపునకు ఆ సంఖ్యకు ఒకటి కలిపి, కొత్త సంఖ్యను రసీదు మీద వేయవలెను. ఇద్దరు ఒకేసారి కలిపినచో ఇద్దరికీ ఒకే సంఖ్య వచ్చును గదా! అట్లు జరుగకుండ, మొదట వచ్చినవాడు ఆ వరుసకు తాళము వేయును. అతని లావాదేవి ముగిసి, కమిట్ అను ముద్ర పడువరకు తాళము వీడదు. రెండవవాడు గుమ్మము వద్ద వేచియుండును. పోస్ట్‌గ్రెస్‌లో చదువువారు వ్రాయువారి కొరకు ఆగనక్కరలేదు. కాని ఒకే వరుసను మార్చదలచిన ఇద్దరిలో ఒకరు ఆగవలసినదే.

ఇందు దోషమేమియు లేదు. ఇది 1970 లలోనే పెద్దలు ఆలోచించి స్థిరపరచిన పద్ధతి. జిమ్ గ్రే అను శాస్త్రవేత్త, ఐ.బి.ఎం. పరిశోధనశాలలోని ఆయన సహచరులు 1976 లో ఈ తాళముల పరిమాణమును గూర్చి, వాటి నియమములను గూర్చి ప్రకటించిన పత్రము నేటికిని పాఠముగా చదువుచున్నారు. లావాదేవీల మీద చేసిన కృషికి గ్రే గారికి 1998 లో ట్యూరింగ్ బహుమానము లభించినది. తాళము వేయుటలో తప్పు లేదు. తాళము చేత పట్టుకొని ఏమి చేయుచున్నామన్నదే ప్రశ్న. ఆ ప్రశ్న మాకు ఒక శుక్రవారము నాడు ఎదురైనది.

2023 నవంబరు నెల. ఆలస్య రుసుము లేకుండ పరీక్ష ఫీజు చెల్లించుటకు అది చివరి దినము. కార్యాలయము ముందు వరుస మెట్లు దిగి వేపచెట్టు వరకు సాగినది. మొదటి కిటికీలో మన పెద్ద గుమాస్తా గారు. విద్యార్థులందరు ఆయనను చాచా అని పిలుచుదురు. మేమును అట్లే వ్రాయుదుము. రెండవ కిటికీలో రద్దీ కారణముగా మాలో ఒకరు కూర్చున్నారు.

పదకొండు గంటల నలువది నిమిషములకు రెండు తెరలు ఆగిపోయినవి. చిన్న చక్రము తిరుగుచున్నది గాని రసీదు వచ్చుట లేదు. ఆ సమయమున చాచా కిటికీ ముందు ఒక విద్యార్థిని ఉన్నది. ఊరినుండి బస్సులో వచ్చి, మధ్యాహ్నపు బస్సుకే తిరిగి వెళ్ళవలసిన అమ్మాయి. ఆమె సొమ్ము కట్టినది. ఆమె ఫోనుకు 412 వ నంబరు రసీదు అని సందేశము కూడ వచ్చినది. తెర మాత్రము కదలలేదు. పావుగంట చూచి, మేము యంత్రమును ఆపి మరల ప్రారంభించినాము. అంతయు చక్కబడినది. ఆగిపోయిన నమోదుల సంగతి ఏమి చేయవలెనని చాచా అడిగినారు. "సందేశము వచ్చినవారిది అయిపోయినట్లే, రానివారివి మరల కొట్టండి చాచా" అని మేమే చెప్పినాము. అమ్మాయి బస్సుకు పరుగెత్తినది. ఈ మాట పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

ఒంటిగంట దాటిన తరువాత మరల అదే అవస్థ. ఆ రోజు జుమా. చాచా కొంతసేపు తెర వంక చూచి, "బేటా, ఇది తిరుగుతూనే ఉన్నది, జరా చూడండి. నమాజు చేసికొని వచ్చెదను" అని చెప్పి మసీదుకు వెళ్ళినారు. వరుసలో ఉన్నవారు గొణుగుట మొదలుపెట్టినారు. కమిటీ కోశాధికారి గారు గదిలోనికి వచ్చి, సంగతి ఏమిటని అడిగినారు.

ఈసారి మేము డేటాబేస్‌నే అడిగి చూచినాము. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షనుకు ఒక ప్రాసెస్ ఉండును. ఎవరు ఏమి చేయుచున్నారో, దేని కొరకు ఆగియున్నారో చూపు ఒక పట్టిక ఉన్నది. ఫలానా ప్రాసెస్ దారికి ఎవరు అడ్డముగా ఉన్నారో చెప్పు ఒక ఫంక్షనును 2016 లో వెలువడిన 9.6 వ వెర్షనులో చేర్చినారు. ఈ రెంటిని కలిపి చూడగా, పదునాలుగు ప్రాసెస్‌లు తాళము కొరకు ఆగియున్నవి. వాటిలో పదుమూటికి అడ్డముగా ఉన్నది ఒకే ప్రాసెస్. ఏ కనెక్షను ఏ కిటికీదో తెలియుటకు మేము ముందే పేర్లు పెట్టియుంటిమి. ఆ ప్రాసెస్ పేరు: ఒకటవ కిటికీ.

"చాచా గారి తెర" అన్నాము. అనుటతో ఆగినామా? "మధ్యలో వదలి నమాజుకు వెళ్ళినారు, అందుచేత తాళము పడియున్నది" అని కూడ అన్నాము. కోశాధికారి గారు ఏమియు అనలేదు. తల మాత్రము ఊపినారు. ఆ తల ఊపుట ఎంత దూరము పోవునో అప్పుడు మాకు తెలియలేదు.

యంత్రమును మరల ఆపి ప్రారంభించుటకు మాలో ఒకరు చేయి చాచినారు. మా అధ్యాపకులు గారు అప్పుడే లోపలికి వచ్చి వారించినారు. "పొద్దున ఒకసారి ఆపినారు. ఏమి తెలిసినది?" అని అడిగినారు. ఏమియు తెలియలేదు. ఆపి ప్రారంభించుట జ్వరమునకు చన్నీళ్ళ గుడ్డ వంటిది. వేడి దిగును, రోగము ఏదో తెలియకయే పోవును. పైగా సాక్ష్యము కూడ చెరిగిపోవును. "పట్టికను చివరి వరకు చదివినారా?" అని రెండవ ప్రశ్న.

చదువలేదు. పదుమూటికి అడ్డముగా ఉన్న ఆ ఒకటవ కిటికీ ప్రాసెస్ కూడ ఆగియున్న పదునాలుగింటిలో ఒకటి! ఒకే వరుస కొరకు అనేకులు వచ్చినప్పుడు పోస్ట్‌గ్రెస్ వారిని క్యూలో నిలుపును. క్యూలో ముందున్నవాడు తాళము పట్టిన లావాదేవి ముగియుట కొరకు ఎదురుచూచును. వెనుకవారు ఆ ముందువాని వెనుక నిలుచుందురు. రేషను దుకాణము ముందు వరుసలో మన ముందున్న మనిషి వీపు మాత్రమే మనకు కనబడును. అంతమాత్రమున దుకాణము మూసినది ఆ మనిషియా? ఆ ముందువానికి అడ్డమెవరని అడుగగా పదునైదవ ప్రాసెస్ బయటపడినది. దాని పేరు: రెండవ కిటికీ.

రెండవ కిటికీలో కూర్చున్నది మాలో ఒకరే. వారి తెర మీద కూడ చక్రమే తిరుగుచున్నది. అందరివలె తామును వేచియున్నామనియే వారు అనుకొన్నారు. తాళము పట్టినవాని తెర, తాళము కొరకు నిలిచినవాని తెర చూచుటకు ఒక్కటే.

ఆ పదునైదవ ప్రాసెస్ స్థితి ఏమని పట్టిక చెప్పినది? లావాదేవి తెరచియుండి ఊరక కూర్చున్నది అని. పని చేయుట లేదు, పని ముగించుట లేదు. ఒంటిగంట తొమ్మిది నిమిషములకు మొదలైన లావాదేవి, తాళము చేత పట్టుకొని తరువాతి ఆజ్ఞ కొరకు చూచుచున్నది. ఎందుకు? ఈ ప్రశ్నకు డేటాబేస్ పట్టికలో సమాధానము లేదు. అది తన ఇంటిలోపలి సంగతి చెప్పగలదు గాని, వీధిలో ఏమి జరుగుచున్నదో ఎరుగదు.

తాళములలో మరియొక ప్రమాదము ఉన్నది. ఒకని తాళము కొరకు మరియొకడు, వాని తాళము కొరకు మొదటివాడు ఎదురుచూచుట. దీనికి డైక్‌స్ట్రా అను డచ్చి శాస్త్రజ్ఞుడు 1965 లో మృత్యువు వంటి కౌగిలి అని పేరు పెట్టినాడు. మన తెలుగువారికి వెంటనే ధృతరాష్ట్ర కౌగిలి జ్ఞాపకము వచ్చును. కాని ఇందులో ఇద్దరును ధృతరాష్ట్రులే. పోస్ట్‌గ్రెస్‌లో ఆగియున్న ప్రాసెస్ ఒక సెకను గడచిన పిమ్మట ఇట్టి కౌగిలి ఏర్పడినదా అని తానే పరీక్షించుకొనును. ఏర్పడినచో ఒక లావాదేవిని రద్దుచేసి విడిపించును. మా విషయములో అట్టి కౌగిలి ఏదియు దానికి కనబడలేదు. వేచియుండుటలోని చివరి మెట్టు డేటాబేస్ వెలుపల ఉన్నది. వెలుపల ఉన్నదానిని అది ఎట్లు చూడగలదు?

వెలుపల చూచుటకు వేరొక సాధనము కావలెను. ఒక ప్రాసెస్ ఫైలు చదువవలెనన్నను, నెట్‌వర్కు మీద మాటాడవలెనన్నను, నిద్రించవలెనన్నను ఆపరేటింగ్ సిస్టమును అడుగవలెను. ఆ అడుగుటలను ఒక్కొక్కటిగా మనకు చూపునది ఎస్‌ట్రేస్ అను సాధనము. పాల్ క్రానెన్‌బర్గ్ అను ఆయన 1991 లో దీనిని సన్ యంత్రముల కొరకు వ్రాసినాడు. తరువాత లినక్స్‌కు వచ్చినది. వైద్యుడు రోగిని కోయకుండ గుండె మీద గొట్టము పెట్టి వినుట వంటిది ఇది. అయినను రెండు జాగ్రత్తలు అవసరము. ఇది ప్రతి అడుగుటకు ప్రాసెస్‌ను ఆపి నడుపును గనుక పని మందగించును, కొద్దిసేపే వినవలెను. పైగా అందులో ఇతరుల ఫోను నంబర్లు, పేర్లు కనబడవచ్చును. కనుక యంత్రము మీద అధికారము ఉన్నవారి అనుమతితోనే వినవలెను, విన్నది దాచుకొనరాదు. ప్రిన్సిపాలు గారి అనుమతిని అధ్యాపకులు గారు అడిగి తెచ్చినారు.

మొదట ఒకటవ కిటికీ ప్రాసెస్‌ను విన్నాము. తెర మీద ఒకే ఒక పంక్తి వచ్చినది: ఈపోల్ వెయిట్. అనగా, "ఏదైనను జరిగినప్పుడు నన్ను లేపుము" అని నిద్రపోయినది. పంక్తి చివర కుండలీకరణము కూడ మూసికొనలేదు. అడుగుట ఇంకను ముగియలేదన్నమాట. తరువాత రెండవ కిటికీ ప్రాసెస్‌ను విన్నాము. అక్కడను అదే పంక్తి! మేము ఒకరి ముఖము ఒకరు చూచుకొన్నాము. ఇద్దరును నిద్రయే. మరి భేదమెక్కడ?

భేదము తమను ఎవరు లేపవలెనని కోరినారన్న దానిలో ఉన్నది. ప్రతి ప్రాసెస్ ఏయే ద్వారముల వద్ద చప్పుడు కొరకు కాచుకొనియున్నదో లినక్స్ తన ప్రాక్ అను భాగములో చూపును. ఒకటవ కిటికీ ప్రాసెస్ డేటాబేస్ లోపలి గంట కొరకు మాత్రమే చెవి ఒగ్గియున్నది. తాళము వీడినప్పుడు మ్రోగునది ఆ గంటయే. రెండవ కిటికీ ప్రాసెస్ జాబితాలో అదనముగా ఒక సాకెట్ ఉన్నది. అనగా తనకు ఆజ్ఞలిచ్చు పీ.హెచ్.పీ. ప్రోగ్రాము వైపు ద్వారము. కనుక డేటాబేస్ నేరము లేదు. అది పరిచారకుడు, యజమాని పిలుపు కొరకు చేతులు కట్టుకొని నిలిచియున్నది.

అయితే యజమాని ఏమి చేయుచున్నాడు? సాకెట్‌కు రెండు కొసలుండును. డేటాబేస్ పట్టికలో అవతలి కొస పోర్టు సంఖ్య ఉన్నది. ఎస్.ఎస్. అను ఆజ్ఞతో ఆ పోర్టును పట్టుకొనియున్న ప్రాసెస్‌ను వెదకినాము. వెబ్ సర్వరు ప్రాసెస్ ఒకటి దొరికినది. దాని మీద ఎస్‌ట్రేస్ పెట్టగా, ఇక్కడ దృశ్యము వేరు. సెకనుకు ఒకసారి ఒక పంక్తి: పోల్, గడువు ముగిసినది, ఫలము సున్న. మరల పోల్, మరల సున్న. సెకనుకొకసారి లేచి వీధి వాకిలి చూచి, "వచ్చెనా? రాలేదు" అని మరల పండుకొనుచున్నది. ఎవరి కొరకు? ఆ సాకెట్ అవతలి కొస మన కళాశాలలో లేదు, మన ఊరిలోను లేదు. ఎస్.ఎం.ఎస్. పంపు సంస్థ వారి సర్వరు అది.

అప్పుడు మేము వ్రాసిన ప్రోగ్రామును తెరచి చూచినాము. లావాదేవి మొదలు, రసీదు సంఖ్యకు ఒకటి కలుపుట, ఇక్కడ తాళము పడును, చెల్లింపు నమోదు, సందేశము పంపుట, కమిట్, ఇక్కడ తాళము వీడును. తాళము పడుటకు, వీడుటకు నడుమ మేము ఊరి బయటి వానితో సంభాషణ పెట్టినాము! అతడు బదులు చెప్పువరకు మన కార్యాలయమంతయు నిలిచియుండవలెనని మా చేతులతో మేమే వ్రాసినాము. బీరువా తెరచి, తాళపుచెవి జేబులో వేసికొని, ఎవరికో ఫోను చేసి, అతడు ఎత్తువరకు కదలనని కూర్చున్నట్లు.

ఎంతసేపు కూర్చుండవలెనన్న హద్దు కూడ పెట్టలేదు. పీ.హెచ్.పీ.లో ప్రోగ్రాము నడచుటకు ముప్పది సెకనుల హద్దు ఉన్నదని చదివి ధైర్యముగా ఉంటిమి. కాని లినక్స్‌లో ఆ ముప్పది సెకనులలోనికి నెట్‌వర్కు కొరకు వేచియున్న కాలము లెక్కకు రాదు. ప్రోగ్రాము స్వయముగా శ్రమించిన కాలమే వచ్చును. సందేశము పంపుటకు మేము వాడిన కర్ల్ అను సాధనములో, మనము చెప్పనిదే, బదులు కొరకు చూచుటకు మొత్తము మీద గడువే ఉండదు. రెండు సంగతులును పుస్తకములో ఉన్నవే. మేము చదువలేదు.

మేము ఈ పంక్తులు చూచుచుండగనే, ఒంటిగంట నలువదియొకటికి, అవతలి సర్వరు ఎట్టకేలకు బదులిచ్చినది. సున్నల వరుస ఆగినది. బదులు సంకేత భాషలో వచ్చినది గనుక అందలి మాటలు కనబడలేదు. కాని దాని వెంటనే మా ప్రోగ్రాము డేటాబేస్‌కు పంపిన మాట తెర మీద స్పష్టముగా కనబడినది. ఒకే యంత్రములోని మార్గము గనుక మేము దానికి సంకేత భాష పెట్టియుండలేదు. ఆ మాట కమిట్. మరుక్షణము ఒకటవ కిటికీ ప్రాసెస్ మేల్కొన్నది, దాని వెనుక మరియొకటి. పదునాలుగును ఒకదాని వెనుక నొకటి కదలిపోయినవి. బయట వరుసలో చప్పట్లు వినబడినవి. మాకు మాత్రము చప్పట్లు కొట్టబుద్ధి కాలేదు. సందేశము పంపు పంక్తిని ఆ పూటకు తీసివేసినాము. సాయంత్రము వరకు మరల తెర ఆగలేదు. పైగా ప్రతి రసీదు మునుపటి కంటె వేగముగా వచ్చినది. అన్ని దినములు ప్రతి విద్యార్థియు, ముందున్నవాని సందేశము పోవువరకు ఆగుచునే ఉన్నాడన్నమాట. యంత్రము పాతది గనుక మందముగా ఉన్నదని మేము అనుకొనెడివారము!

కథ ఇక్కడితో ముగిసిన బాగుండెడిది. ఐదు గంటలకు లెక్క చూచినప్పుడు చాచా పెట్టెలో సొమ్ము కంప్యూటరు లెక్క కంటె 930 రూపాయలు ఎక్కువ ఉన్నది. సరిగా ఒక ఫీజు. లెక్కకు మించిన సొమ్ము కూడ లెక్కలో తప్పే. కోశాధికారి గారు, "మధ్యాహ్నము కూడ మీ తెరయే గదా ఆగినది? వయస్సు మీరినది, ఈ యంత్రములు మీకు కష్టము" అన్నారు. గొంతు మెత్తనిదే. కాని ఇరువది సంవత్సరములకు పైగా ఈ కళాశాల సొమ్ము లెక్కించిన మనిషికి ఆ మాట ఎట్లుండునో ఆయన ముఖము చూచినవారికి తెలిసినది. ఆ మాటకు మూలము మధ్యాహ్నము మేము అన్న మాట.

చాచా వాదించలేదు. సొరుగులోనుండి ఒక చిన్న నోటుబుక్కు తీసినారు. యంత్రము వచ్చిన దినమునుండి ఆయన దాని మీద నమ్మకము చాలక, సొమ్ము కట్టిన ప్రతివారి పేరును, సమయమును ఉర్దూలో వ్రాసికొనుచున్నారు. మాలో ఉర్దూ చదువగల ఒకరు పైకి చదివినారు, ఒకరు కంప్యూటరు జాబితాలో గుర్తు పెట్టినారు, ఒకరు పేర్లు లెక్కించినారు. నోటుబుక్కులో 118 పేర్లు. ఆ కిటికీ మీద కంప్యూటరులో 117. లేని పేరు ఉదయము బస్సుకు పరుగెత్తిన అమ్మాయిది. 412 వ రసీదు మరియొక విద్యార్థి పేరున ఉన్నది.

అప్పుడు అంతయు అర్థమైనది. ఉదయము తాళము పట్టినది ఆమె లావాదేవియే. సందేశము పంపు సంస్థ సందేశమును పంపినది గాని, మాకు బదులు చెప్పలేదు. కమిట్ పడకముందే మేము యంత్రమును ఆపినాము. ముగియని లావాదేవిని డేటాబేస్ ధర్మము తప్పక రద్దు చేసినది. సంఖ్య మరల 411 వద్దకు వచ్చినది. తరువాతివానికి 412 పోయినది. పోయిన సందేశమును మాత్రము ఎవరును వెనుకకు తీసికొనలేరు. ఆ అమ్మాయి చేతిలో ఫీజు కట్టినట్లు మాట ఉన్నది, కళాశాల లెక్కలో ఆమె కట్టలేదు. హాలు టిక్కెట్టు ఇచ్చు దినము వరకు ఆ సంగతి ఎవరికిని తెలిసెడిది కాదు. ఆ దినమున ఆమె కిటికీ ముందు నిలిచి ఏమని చెప్పుకొనెడిది?

వెబ్ సర్వరు రోజువారీ పుస్తకములో పదకొండు నలువదికి ఒకటవ కిటికీ నుండి వచ్చి విఫలమైన అభ్యర్థన ఒకటి ఉన్నది. సందేశ సంస్థ వారి జాబితాలో ఆమె సందేశము ఉన్నది. నోటుబుక్కులో ఆమె పేరు, ఆ సమయము ఉన్నవి. మూడు సాక్ష్యములు కలిసినవి. ఆ రాత్రికే ఆమె పేరున, ఆ తేదీతో కొత్త రసీదు నమోదైనది. ఆలస్య రుసుము పడలేదు. సోమవారము ఆమె వచ్చినప్పుడు చాచాయే రసీదు చేతికిచ్చి, జరిగినది చెప్పినారు.

మేము కోశాధికారి గారి వద్దకు వెళ్ళి, తప్పు మాదియని, మధ్యాహ్నము మేము చెప్పినది అబద్ధమని చెప్పినాము. తరువాత చాచా వద్దకు వెళ్ళినాము. క్షమాపణ మాటలు ముందే కూర్చుకొని పోయినాము గాని సగములోనే తడబడినాము. ఆయన విని, "మీరు చూచినారు గనుక తెలిసినది. చూడకపోతే నేను కూడ నా తప్పే అనుకొనెడివాడను" అన్నారు. మమ్ము ఎక్కువ బాధించినది ఆ మాటయే. తెలియని యంత్రము ముందు నిజాయితీపరుడు మొదట తన్ను తానే అనుమానించుకొనును. యంత్రము తెలిసినవారమని చెప్పుకొను మేము మొదట ఇతరులను అనుమానించినాము.

మరమ్మతు సంగతి క్లుప్తముగా చెప్పెదము. మన తరువాత ఈ ప్రోగ్రామును చూచు విద్యార్థులకు పనికివచ్చును. ఇప్పుడు మొదట కమిట్, తరువాతనే సందేశము. పంపవలసిన సందేశమును అదే లావాదేవిలో మరియొక పట్టికలో వ్రాసి ఉంచుదుము. వేరొక చిన్న ప్రోగ్రాము దానిని చూచి, ఐదు సెకనుల గడువుతో పంపును. కమిట్ కానిదానికి సందేశము పోదు. తాళము కొరకు పది సెకనులు మించి నిలువవలసివచ్చినచో, మరల ప్రయత్నించుడని తెర చెప్పును. లావాదేవి తెరచి నిమిషము పాటు ఊరకుండు కనెక్షనును డేటాబేస్ తానే తెంచును. ఒక సెకను మించి తాళము కొరకు ఆగిన ప్రతి ప్రాసెస్‌ను గూర్చి లాగ్‌లో వ్రాయు సదుపాయము మా వెర్షనులో మొదట మూసియున్నది; దానిని తెరచినాము. ఆ శనివారము రాత్రి ప్రయోగశాలలో, ఎన్నటికిని బదులియ్యని దొంగ సందేశ సర్వరు ఒకటి పెట్టి, పాత ప్రోగ్రామును, కొత్తదానిని నడిపి చూచినాము. పాతది నిలిచిపోయినది. కొత్తది రసీదులు ఇచ్చుచునే ఉన్నది.

విద్యార్థి మిత్రులారా, సాధనములు నేర్చుకొనుడు. ఎస్‌ట్రేస్ ఒక పూటలో వచ్చును. కాని మొదటి అడ్డము కనబడగనే ఆగిపోవు అలవాటు మానుటకు అంతకంటె ఎక్కువ కాలము పట్టును. వరుసలో ముందున్నవానిని అడుగుడు. అతని ముందు ఎవరని అడుగుడు. డేటాబేస్ సరిహద్దు వచ్చినచో దానిని దాటి అడుగుడు. ఆ త్రోవ చివర తమ చేతి వ్రాతయే కనబడవచ్చునని సిద్ధపడి అడుగుడు.

కళాశాల కమిటీ వారికి మా విన్నపము రెండు మాటలు. పరీక్షించి చూడని ప్రోగ్రామును చివరి తేదీ రద్దీలో పెట్టకుండుటకు ప్రయోగశాలలో వేరొక యంత్రమును కేటాయింపవలెను. ఫీజు కిటికీ వద్ద చేతివ్రాత నోటుబుక్కు ఉంచు పద్ధతిని, అది ఉర్దూలోనైనను తెలుగులోనైనను, నియమముగా చేయవలెను. యంత్రము మరచినదానిని ఆ నాడు జ్ఞాపకముంచుకొన్నది చాచా గారి నోటుబుక్కు ఒక్కటే.